ఒకే తీగపై పలు యంత్రములు

ఖాళీగా నున్న పెద్ద మండపములో నిలిచి కేక వేసినచో, ఆ కేక గోడను తాకి మరల మన చెవిని చేరును. పిల్లలకు అది వేడుక. కాని ఆ మండపములోనే పదిమంది కూర్చుండి ముఖ్యమైన విషయము మాటలాడుకొనవలసివచ్చి, పలికిన ప్రతి మాటయు గోడనుండి తిరిగివచ్చి తరువాతి మాటపై బడుచుండినచో, ఎవరు చెప్పినదియు ఎవరికిని బోధపడదు. కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపుటకు ఒకప్పుడు వాడిన సన్నని తీగకు సరిగా ఇట్టి చిక్కే యుండెను. ఆ చిక్కును తీర్చినది వ్రేలి కొనయంత యుండు ఒక చిన్న లోహపు మూత.

ఆ మూత విలువ నాకు తెలిసిన విధము ముందుగా చెప్పెదను. 1990 దశకము చివరి సంవత్సరములలో నేను ఒక చిన్న కార్యాలయమున పనిచేయుచుంటిని. అచ్చట ఎనిమిది కంప్యూటర్లు సన్నని తీగతో వరుసగా కలుపబడియుండెను. ఒక సోమవారము ఉదయము వచ్చి చూడగా ఏ యంత్రమును మరియొక యంత్రముతో మాటలాడుట లేదు. విడివిడిగా అన్నియు బాగుగనే యున్నవి. కలసి మాత్రము పనిచేయవు. ఆ ఉదయము గది ఊడ్చినవాడు కొత్తగా చేరిన పదునెనిమిదేండ్ల బంట్రోతు. అధికారి అతనిని పిలిచి, “చీపురుతో తీగలు లాగినావా? ఈ నష్టము నీ జీతములో పట్టుకొనవలసి వచ్చును” అని గద్దించెను. ఆ కుర్రవాడు తాను తీగలను తాకనే లేదని చెప్పెను. నమ్మినవారు లేరు. అతడు నిజము చెప్పుచున్నాడో లేదో తెలిసికొనవలెనన్నచో ఆ తీగ ఎట్లు పనిచేయునో తెలియవలెను. కావున ముందుగా ఆ సంగతి చూతము.

ఆ పేరు ఎట్లు వచ్చినది?

ఈ విధముగా యంత్రములను కలుపు పద్ధతికి ఈథర్నెట్ అని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులు, కాంతి ప్రయాణించుటకు విశ్వమంతట నిండిన “ఈథరు” అను ఒక పదార్థము ఉండవలెనని తలచిరి. 1887లో మైకెల్సన్, మోర్లే అను ఇద్దరు అమెరికాలో చేసిన సుప్రసిద్ధ ప్రయోగమున దాని జాడ కానరాలేదు. శాస్త్రము ఈథరును విడిచెను గాని పేరు నిలిచెను. 1973 మే 22వ తేదీన, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్ అను యువకుడు ఒక లేఖ వ్రాసెను. అందరిని చేరునదియు, ఎవరి సొత్తును కానిదియు నగు ఒక తీగను ఈథరు వలె భావించి, దానిపై యంత్రములన్నియు మాటలాడుకొనవచ్చునని అందు సూచించెను. డేవిడ్ బాగ్స్ అను సహచరునితో కలసి ఆతడు ఆ తీగను నిజముగా నిర్మించెను.

ఈ యోచనకు పూర్వము హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ నాయకత్వమున ఒక ప్రయత్నము జరిగియుండెను. అక్కడి దీవులలోని యంత్రములు 1971 నాటికే ఒకే రేడియో మార్గమును పంచుకొని మాటలాడుచుండెను. మెట్‌కాఫ్ దానిని అధ్యయనము చేసి, గాలికి బదులు తీగను గ్రహించెను.

1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ అను మూడు సంస్థలు కలసి సెకనుకు 1 కోటి బిట్లు పంపగల ఈథర్నెట్ నియమములను ప్రకటించినవి. బిట్టు అనగా సున్న గాని ఒకటి గాని తెలుపు ఒక్క గుర్తు. 1983లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ యగు ఐ.ఇ.ఇ.ఇ. దీనిని ప్రమాణముగా అంగీకరించెను. అప్పటి తీగ వ్రేలంత లావుండి సులభముగా వంగెడిది కాదు. ప్రతి యంత్రమునకును తీగ వద్ద ప్రత్యేకముగా ఒక పెట్టె అమర్చవలసియుండెను. ఖర్చు అధికమగుటచే, 1985లో సన్నని తీగకు వేరుగా ప్రమాణము ఏర్పడెను. చవుకయైనది కావున కొందరు దీనిని హాస్యముగా “చీపర్‌నెట్” అని పిలిచిరి. దీని అసలు పేరు “టెన్ బేస్ టూ”. ఇందు టెన్ అనగా సెకనుకు పది మెగాబిట్ల వేగము, అనగా పైన చెప్పిన కోటి బిట్లు. బేస్ అనగా సంకేతమును రేడియోలో వలె మరియొక తరంగముపై ఎక్కింపక నేరుగా తీగపై నుంచుట. టూ అనగా సుమారు రెండువందల మీటర్ల దూరము. నిజమైన హద్దు 185 మీటర్లే. సౌలభ్యమునకై రెండువందలుగా చెప్పినారు.

అంగములు

ఈ అల్లికకు కావలసిన వస్తువులు ఒక చేతి వ్రేళ్లపై లెక్కింపదగినవి.

మొదటిది తీగ. దీనిని కోయాక్సియల్ కేబులు అందురు. అనగా ఒకే అక్షము గల తీగ. సుమారు 5 మిల్లీమీటర్ల లావుండును. అడ్డముగా కోసి చూచినచో నాలుగు పొరలు కనబడును. నడుమ రాగి తీగ. దాని చుట్టు తెల్లని ప్లాస్టిక్కు. దానిపై జడవలె సన్నగా అల్లిన లోహపు తొడుగు. అన్నిటిపైన నల్లని పైపొర. నడిమి తీగకును అల్లిక తొడుగునకును అక్షము ఒకటే. సంకేతము ఈ రెంటి నడుమ బందీయై ప్రయాణించును. లోపలి సంకేతము బయటికి చెదరిపోకుండను, బయటి మోటార్ల, ట్యూబులైట్ల అలజడి లోనికి జొరబడకుండను ఆ తొడుగు కాపాడును. ఈ తీగ రకమునకు ఆర్.జి.58 అని పేరు.

రెండవది తీగ కొనలకు తొడుగు ప్లగ్గు. దీనిని బి.ఎన్.సి. అందురు. పాత బల్బు హోల్డరులో బల్బును నొక్కి త్రిప్పి బిగించినట్లే దీనిని గూడ నొక్కి పావు చుట్టు త్రిప్పవలెను. లాగిన ఊడదు; త్రిప్పిననే ఊడును.

మూడవది టీ. నీటి గొట్టములను మూడు దిక్కుల కలుపు టీ వంటిదే ఇది. దాని రెండు చేతులకు కుడి యెడమల తీగలు తగిలించవలెను. కాలు కంప్యూటరు వెనుకనున్న నోటికి నేరుగా తగులవలెను.

నాలుగవది కంప్యూటరు లోపల అమర్చు కార్డు. సంకేతములను పంపునదియు, గ్రహించునదియు ఇదియే. ప్రతి కార్డునకును 48 బిట్ల చిరునామా కలదు. రెండు కార్డులకు ఒకే చిరునామా రాకుండ, తయారుచేయు సంస్థలకు సంఖ్యలను పంచి యిత్తురు.

ఐదవది చివరి మూత. దీనిని టెర్మినేటరు అందురు. పైకి మూతవలె గానవచ్చును గాని లోపల 50 ఓముల నిరోధము ఒకటి దాగియున్నది. వరుసలో మొదటి టీకిని కడపటి టీకిని మిగిలిపోయిన చేతులకు ఈ మూతలను బిగింతురు.

బాలబాలికలారా, ఒక చిన్న లెక్క చేయుడు. ఎనిమిది కంప్యూటర్లను వరుసగా కలుపుటకు ఏమేమి కావలెను? ఎనిమిది కార్డులు, ఎనిమిది టీలు, ఏడు తీగముక్కలు, ఆ ముక్కల రెండేసి కొనలకు పదునాలుగు ప్లగ్గులు. మూతలు మాత్రము రెండే. యంత్రములు ఎనిమిదియైనను ఇరువదియైనను మూతలు రెండే. ఏలన ఒక వరుసకు రెండు కొనలే యుండును.

మూత ఏల?

పది పదిహేను అడుగుల త్రాటిని తీసికొని, ఒక కొనను స్తంభమునకు గట్టిగా కట్టి, రెండవ కొనను చేతబట్టి ఒక్కసారి పైకి విదిల్చుడు. త్రాటిలో ఒక మూపు పుట్టి స్తంభము వరకు పరుగెత్తి, అచ్చట తలక్రిందులై మరల మీ చేతికి వచ్చును. ఇప్పుడు స్తంభమునకు కట్టిన కొనను విడిచి, దానికి సన్నని దారము కట్టి, ఆ దారమును స్తంభమునకు కట్టుడు. ఈసారి మూపు తలక్రిందులు గాక, పోయినట్లే తిరిగివచ్చును. రెండు విధములను తిరిగివచ్చుట తప్పలేదు.

విద్యుత్తరంగము గూడ ఇట్లే చేయును. తీగ కొనను ఊరక విడిచినచో తరంగము ఉన్నది ఉన్నట్లుగా వెనుకకు మరలును. కొనలో నడిమి తీగయు తొడుగును ఒకదానినొకటి తాకినచో తలక్రిందులై మరలును. మరలకుండ చేయు ఉపాయము ఒక్కటే: కొనయందు తరంగమును పూర్తిగా మ్రింగివేయు వస్తువును ఉంచుట.

ప్రతి కోయాక్సియల్ తీగకును ఒక స్వాభావిక నిరోధము కలదు. ఆర్.జి.58కు అది 50 ఓములు. ఇది మీటరుతో తీగను కొలిచిన వచ్చు సంఖ్య గాదు. తీగలో పరుగెత్తు తరంగము తన ముందు ఎదుర్కొను నిరోధము. నడిమి తీగ లావునకును తొడుగు లావునకును గల నిష్పత్తిని బట్టియు, నడుమనున్న ప్లాస్టిక్కును బట్టియు ఇది యేర్పడును. తీగ పొడవుతో దీనికి పని లేదు. కొనలో సరిగా అంతే నిరోధమును ఉంచినచో, తరంగమునకు తీగ ముగిసినట్లు తెలియనే తెలియదు. తీగ అనంతముగా సాగుచున్నట్లే అది మూతలోనికి పోయి, ఆవగింజంత వేడిగా మారి నశించును. ప్రతిధ్వని లేదు.

నిరోధములు సరిపోలనిచో ఎంత మరలునో లెక్కింపవచ్చును. రెండు నిరోధముల భేదమును వాని మొత్తముచే భాగింపవలెను. టెలివిజనుకు వాడు కోయాక్సియల్ తీగ చూచుటకు దీనివలెనే యుండును గాని దాని స్వాభావిక నిరోధము 75 ఓములు. ఎవరైన తెలియక నడుమ ఆ తీగముక్కను అతికించినచో 75 – 50 = 25; 75 + 50 = 125; అనగా వచ్చిన వోల్టేజిలో అయిదవ వంతు అచ్చటనే వెనుకకు మరలును. చూపునకు ఒకటిగా నున్నవన్నియు పనికి ఒకటి కావు.

ఈ ప్రతిధ్వని వలన కీడు ఎంత? తీగలో సంకేతము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఇది కాంతి వేగములో మూడింట రెండు వంతులు. ఒక్కొక్క బిట్టు కాలము సెకనులో కోటివ వంతు. ఆ కాలములో సంకేతము 20 మీటర్లు పోవును. అనగా 185 మీటర్ల తీగపై ఒకేసారి తొమ్మిది బిట్లు ఒకదాని వెనుక నొకటి నడచుచుండును. మొదటిది కొనను తాకి మరలినచో వెనుక వచ్చువానిని వరుసగా ఢీకొనును. మండపములోని ప్రతిధ్వని కథయే ఇది.

వినుట, పలుకుట

తీగ ఒక్కటి, పలుకువారు పలువురు. మరి క్రమము ఎట్లు? ఇందు పెద్ద యెవడును లేడు. సభలో మర్యాద నెరిగినవారు చేయునట్లే ప్రతి యంత్రమును చేయును. ముందు వినును. ఎవరేని పలుకుచున్నచో ఊరకుండును. నిశ్శబ్దము కలిగినంతనే తన సందేశమును పంపును. ఆ సందేశము వరుసలోని అందరికిని వినబడును. కాని అందున్న చిరునామా తనది యైన యంత్రమే దానిని స్వీకరించును.

ఒక్కొక్కప్పుడు రెండు యంత్రములు ఒకే క్షణమున నిశ్శబ్దమును విని, రెండును పలుక మొదలుపెట్టును. అప్పుడు సంఘర్షణ గలుగును. రెండును వెంటనే ఆ సంగతి గ్రహించి, అందరికి తెలియునట్లు కొద్దిపాటి అలజడి సంకేతము పంపి ఆగును. పిదప ఒక్కొక్కటి చీట్లు వేసికొన్నట్లు ఒక సంఖ్యను ఎన్నుకొని అంతసేపు వేచియుండును. మొదటిసారి 0, 1 నడుమ; మరల ఢీకొన్నచో 0 మొదలు 3 వరకు; మూడవసారి 0 మొదలు 7 వరకు; ఇట్లు 1023 వరకు ఎంపిక విస్తరించును. రద్దీ పెరిగిన కొలదిని ఓపికయు పెరుగునన్నమాట. పదునారు ప్రయత్నములును విఫలమైనచో ఆ సందేశమును విడిచిపెట్టి, పని జరుగలేదని తెలుపును.

సంఘర్షణ జరిగినట్లు యంత్రమునకు ఎట్లు తెలియును? ఇచ్చటనే మీరు తరగతిలో చదివిన ఓము సూత్రము పనికివచ్చును. ప్రతి కార్డును పలుకునప్పుడు తీగలోనికి ఒక నియతమైన విద్యుత్ప్రవాహమును త్రోయును. కార్డు నిలుచున్న చోటినుండి చూచినచో ఎడమ కొనను 50 ఓములు, కుడి కొనను 50 ఓములు కలవు. ఈ రెండును సమాంతరముగా నున్నవి కావున మొత్తము 25 ఓములు. ప్రవాహమును నిరోధముచే గుణించిన వోల్టేజి వచ్చును. ఇద్దరు ఒకేసారి పలికినచో ప్రవాహము రెండింతలు, వోల్టేజియు రెండింతలు. వోల్టేజి హద్దు దాటగానే “మరియొకరు పలుకుచున్నారు” అని కార్డు గ్రహించును.

ఇప్పుడొక మూత ఊడినదనుకొనుడు. మిగిలినది ఒక మూతయే. నిరోధము 25 గాక 50 ఓములు. పలుకువాడు ఒక్కడే యైనను వోల్టేజి రెండింతలగును. ఏ యంత్రము నోరు విప్పినను దానికి మరియొకరు పలుకుచున్నట్లే తోచును, వెంటనే ఆగిపోవును. మరల ప్రయత్నించును, మరల ఆగును. ఇట్లు ప్రతిధ్వనియు, ఈ భ్రమయు కలసి వరుసనంతయు మూగబుచ్చును. ఎవరు ఎవరికిని అడ్డుపడుట లేదు. ఐనను ప్రతివారికిని ఇతరులు అడ్డుపడుచున్నట్లు తోచును.

అల్లికలో పాటింపవలసిన నియమములు

ఒక వరుస పొడవు 185 మీటర్లకు మించరాదు. ఒక వరుసపై 30 యంత్రములకు మించి యుండరాదు. రెండు టీల నడుమ తీగ అర మీటరుకు తక్కువ యుండరాదు. టీలు మరీ దగ్గరగా గుమిగూడినచో వాని చిన్న చిన్న ప్రతిధ్వనులు ఒకటిగా కూడును. టీకిని కార్డునకును నడుమ వేరు తీగను పెట్టరాదు. పెట్టినచో అదియొక మూతలేని కొమ్మయై ప్రతిధ్వని పుట్టించును. వరుసయొక్క రెండు కొనలను కలిపి చక్రముగా చేయరాదు. తీగతొడుగును భూమికి కలిపినచో ఒకే చోట కలుపవలెను. రెండు చోట్ల కలిపినచో, ఆ రెండు చోట్ల భూమి వోల్టేజిలో భేదమున్నప్పుడు తొడుగులో అనవసరమైన ప్రవాహము పారును.

ఇంకను దూరము కావలసినచో రిపీటరు అను పెట్టెను వాడుదురు. నీరసించిన సంకేతమును వినిన అది దానిని మరల స్ఫుటముగా పలుకును. అట్లు ఐదు వరుసలను నాలుగు రిపీటర్లతో కలుపవచ్చును. కాని అందు మూడు వరుసలపైననే యంత్రములుండవలెను. అప్పుడు మొత్తము పొడవు 925 మీటర్లు. అంతకు మించి సాగనీయక పోవుటకు కారణము కలదు. అతి చిన్న సందేశము 512 బిట్లు. దానిని పలుకుటకు సెకనులో పదిలక్షల వంతులు 51.2 పట్టును. దూరపు కొనలో జరిగిన సంఘర్షణ వార్త, పలుకుట ముగియకముందే పలుకువానికి చేరవలెను. చేరనిచో తన మాట చెడినదని వానికి తెలియదు.

వరుస నడుమ ఒక యంత్రమును తీసివేయవలసివచ్చినచో, టీ కాలును మాత్రము కార్డునుండి ఊడదీయవలెను. టీ చేతులకున్న తీగలను ముట్టరాదు. అప్పుడు మిగిలిన యంత్రములు నిరాటంకముగా పనిచేయును. అట్లే ఒక కంప్యూటరును ఆపివేసినను ఇతరులకు నష్టము లేదు. తీగ తెగిననే అందరికి చేటు.

సోమవారపు దోషము

ఇప్పుడు ఆ కార్యాలయమునకు మరలుదము. మధ్యాహ్నమునకు ఒక వృద్ధ మెకానిక్కు వచ్చెను. ఆయన చేతిసంచిలో ఒక పాత మల్టీమీటరు తప్ప వేరేమియు లేదు. యంత్రములన్నిటిని ఆపించి, నడుమనున్న ఒక టీని కార్డునుండి ఊడదీసి, దాని నడిమి ముల్లునకును పైతొడుగునకును నడుమ నిరోధమును కొలిచెను. ముల్లు ఊగి 50 వద్ద నిలిచెను.

“ఇరవై అయిదు చూపించాలి నాయనా, యాభై చూపిస్తోంది. రెండు మూతల్లో ఒకటి కనపడటం లేదు దీనికి. ఊడిందో, మధ్యలో తీగ తెగిందో చూద్దాం” అని ఆయన నాతో చెప్పెను.

ఆయన పద్ధతి మీరు నేర్చుకొనదగినది. మీటరు 25 చూపినచో తీగ క్షేమము. తీగ స్వంత నిరోధము వలన కొంచెము హెచ్చుట సహజము. 50 చూపినచో ఒక మూత లేదు, లేక ఎచ్చటనో తెగినది. సున్నకు దగ్గర చూపినచో నడిమి తీగ తొడుగును తాకినది. సరిగా కట్టని ప్లగ్గులో వెంట్రుకవంటి అల్లిక పోగు ఒకటి లోపలికి వంగినను చాలును. సుమారు 17 చూపినచో ఎవరో నడుమ మూడవ మూతను తగిలించినారు. ఏబదిని మూడుచే భాగించి చూడుడు. ముల్లు కదలనే కదలనిచో రెండు మూతలును అందుట లేదు.

చోటు కనుగొనుటకు సగము సగము చేయవలెను. నడిమి టీవద్ద రెండు తీగలను విడదీసి ఒక్కొక్కదానిని వేరుగా కొలువవలెను. 50 చూపిన ప్రక్క మంచిది. ముల్లు కదలని ప్రక్క చెడినది. చెడిన ప్రక్కయొక్క నడిమికి పోయి మరల అట్లే చేయవలెను. ముప్పది యంత్రముల వరుసయైనను ఇట్లు అయిదు కొలతలలో దోషము చిక్కును. ఒక కొననుండి మొదలుపెట్టి ప్రతి ప్లగ్గును పీకి చూచువాడు దినమంతయు వెదకును. పైగా బాగుగా నున్న ప్లగ్గులను గూడ పాడుచేయును.

ఆ వృద్ధుడు ఎడమ ప్రక్క కొలిచెను, 50 వచ్చెను. కుడి ప్రక్క కొలిచెను, ముల్లు కదలలేదు. కుడి ప్రక్క కొననున్నది అధికారి కంప్యూటరు. ఆయన బల్ల వెనుకకు వంగి చూడగా, టీ యొక్క ఒక చేయి ఖాళీగా నోరు తెరచుకొనియుండెను. శనివారము సాయంత్రము అధికారి తన బల్లను కిటికీ వైపునకు జరిపించుకొని, యంత్రము గోడకు ఆనకుండ అడ్డుపడుచున్న ఆ “దుమ్ము మూత”ను తానే త్రిప్పి తీసి సొరుగులో వేసెనట! సొరుగు తెరువగా అది పెన్నుల నడుమ కనబడెను. దానిని బిగించి మరల కొలువగా ముల్లు 25 వద్దకు వచ్చెను. ఎనిమిది యంత్రములును ఒక్కసారిగా మాటలాడసాగెను.

అధికారి కొంతసేపు మౌనముగా నుండి, ఆ కుర్రవానిని పిలిచి, “పొరపాటు నాదేనయ్యా” అని అందరి యెదుట చెప్పెను. అట్లు చెప్పుట ఆయన పెద్దతనము. కాని ఆ మీటరు లేకున్నచో ఆ మాట ఆయన నోట వచ్చియుండెడిది కాదు. కుర్రవాని ప్రమాణములు చేయలేని పనిని ఒక్క సంఖ్య చేసెను.

తరువాత వచ్చినది

ఒక కొనలోని పొరపాటు అందరిని నిలిపివేయుట ఈ పద్ధతికి గల గొప్ప లోపము. 1990లో “టెన్ బేస్ టీ” అను మరియొక ప్రమాణము వచ్చెను. అందు ప్రతి యంత్రమునుండియు పురి పెట్టిన రాగితీగల జంటలు ఒక నడిమి పెట్టెకు పోవును. వరుసకు బదులు నక్షత్రాకారము. ఒక తీగ తెగినచో ఆ యొక్క యంత్రమే మూగవోవును, తక్కినవి పనిచేయును. తీగ ఎక్కువ పట్టినను దోషము పట్టుట సులభము. కావున సన్నతీగ క్రమముగా తొలగిపోయెను. 2011లో ఆ ప్రమాణము క్రొత్త నిర్మాణములకు తగదని నిర్ణయించిరి. నేడు పాఠశాలలలో కనబడు పెట్టెలును, ఎనిమిది పోగుల తీగలును ఆ నక్షత్ర వంశమునకు చెందినవే.

ఐనను మూత నీతి చావలేదు. నేటి మోటారు కార్లలో బ్రేకులు, ఇంజను మొదలగువాని చిన్న యంత్రములు “క్యాన్” అను ఒకే తీగజంటపై మాటలాడుకొనును. ఆ జంటకు రెండు కొనలయందును 120 ఓముల నిరోధములుండును. కారు మెకానిక్కు మీటరు పెట్టి 60 ఓములు వచ్చినదా యని చూచును. 120 వచ్చినచో ఒక కొన పోయినదని గ్రహించును. మన వృద్ధుని లెక్కయే ఇది. 2019లో ఈథర్నెట్ కుటుంబములోనే, ఒకే తీగజంటను పలువురు పంచుకొను క్రొత్త ప్రమాణమొకటి వచ్చెను. వేగము మరల సెకనుకు కోటి బిట్లే. కొనలయందు మరల నిరోధములే.

తలిదండ్రులకు ఒక మనవి. రేడియో మరమ్మతు సామానులు అమ్ము అంగడిలో 100 ఓముల నిరోధములు రెండును, చవుకయైన మీటరు ఒకటియు దొరకును. వానిని పిల్లల చేతికిచ్చి, ఒకటి కొలిచిన ఎంత, రెంటిని సమాంతరముగా పట్టి కొలిచిన ఎంత యని చూడనిండు. నూరు ఏబది యగుట కంటితో చూచిన బిడ్డ ఆ సూత్రమును మరల బట్టీ పట్టనక్కరలేదు. గోడలోని కరెంటు ప్లగ్గుల జోలికి మాత్రము పోనీయకుడు. నిరోధమును కొలుచునప్పుడు మీటరును విద్యుత్తు పారు తీగకు తగిలింపరాదు.

బాలబాలికలారా, పనిచేయని వస్తువు ఎదుట నిలిచినప్పుడు “ఎవరు చెడగొట్టిరి?” అను ప్రశ్న అందరి నోటను ముందుగా వచ్చును. “ఎచ్చట చెడినది?” అని మీరు ముందుగా అడుగుడు. ఆ ప్రశ్నకు మీటరు బదులు చెప్పగలదు. ఆ బదులు దొరికిన పిదప, మొదటి ప్రశ్న పెక్కు సారులు అడుగనక్కరయే యుండదు.